స్ఖలన సమస్యకు సర్కారు ఆస్పత్రిలో ఏ ఓపీకి వెళ్లాలి? డాక్టర్‌కు ఏం చెప్పాలి?

2025 నవంబర్‌లో బెంగళూరులో ఓ యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పోలీసులను ఆశ్రయించారు. లైంగిక సమస్య నయం చేస్తామని రోడ్డు పక్కన టెంట్ వేసుకున్నవాళ్లు చెబితే నమ్మానని, మూలికల పేరుతో విడతలవారీగా సుమారు 48 లక్షల రూపాయలు ముట్టజెప్పానని, అవి వాడాక కిడ్నీలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు.

48 లక్షలు అనగానే ఎవరికైనా ‘అంత అమాయకంగా ఎలా మోసపోయారు’ అనిపిస్తుంది. కానీ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇన్ని ఆస్పత్రులున్న మహానగరంలో ఆ టెంట్‌కు గిరాకీ ఎందుకు ఉంది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఏ ఊళ్లోనైనా బస్టాండ్ మూత్రశాల గోడ చూడండి. ‘శీఘ్రస్ఖలనం’, ‘నరాల బలహీనత’, ‘గుప్త రోగాలు’ అన్న మాటలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. కింద ఓ ఫోన్ నంబర్. అదే ఊళ్లో ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ బోర్డు చూస్తే జనరల్ మెడిసిన్, సర్జరీ, గైనిక్, ఎముకలు, చర్మం, కళ్లు అని ఉంటుంది. తన జబ్బు పేరు గోడ మీద ఉంది, ఆస్పత్రి బోర్డు మీద లేదు. దాంతో చాలామంది ‘దీనికి ఇక్కడ వైద్యం లేదు కాబోలు’ అనుకుంటారు.

వైద్యం ఉంది. చాలావరకు ఉచితంగానే ఉంది. ఎక్కడుందో, ఎలా అడగాలో, మీ హక్కులేమిటో ఈ కథనంలో చూద్దాం.

ముందుగా, ఏది సమస్య?

స్ఖలన సమస్య అనగానే అందరికీ శీఘ్రస్ఖలనమే గుర్తొస్తుంది. కానీ వైద్యులు దీన్ని నాలుగైదు రకాలుగా చూస్తారు.

• శీఘ్రస్ఖలనం: అనుకున్నదానికంటే చాలా ముందే వీర్యం పడిపోవడం, ఆపుకోలేకపోవడం.

• ఆలస్య స్ఖలనం: కోరిక, అంగస్తంభన బాగానే ఉన్నా చాలాసేపటికి గానీ స్ఖలనం కాకపోవడం. కొన్నిసార్లు అసలు కాకపోవడం.

• తిరోగమన స్ఖలనం: భావప్రాప్తి కలుగుతుంది కానీ వీర్యం బయటకు రాదు, లేదా చాలా కొద్దిగా వస్తుంది. ముందుకు రావాల్సిన వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుంది. ఆ తర్వాత మూత్రం తెల్లగా, మబ్బుగా కనిపించవచ్చు.

• స్ఖలన సమయంలో నొప్పి, మంట.

• వీర్యంలో రక్తం కనిపించడం.

వీటన్నింటికీ కారణాలు వేరు, చికిత్సలు వేరు. ఒకే సీసా మందు అన్నింటినీ నయం చేస్తుందని ఎవరైనా చెబితే అక్కడే అనుమానించాలి.

ఎంతసేపు ఉంటే మామూలు?

మగవాళ్లలో సగం ఆందోళన ఈ ప్రశ్న చుట్టూనే ఉంటుంది. అశ్లీల వీడియోల్లో చూసినదాన్ని, స్నేహితులు గొప్పగా చెప్పుకున్నదాన్ని కొలమానంగా పెట్టుకోవడం వల్ల వచ్చే ఆందోళన ఇది.

2005లో వెలువడిన ఓ అధ్యయనంలో నెదర్లాండ్స్, బ్రిటన్, స్పెయిన్, టర్కీ, అమెరికా దేశాలకు చెందిన సుమారు 500 జంటలు స్టాప్‌వాచ్ పెట్టుకుని ఈ సమయాన్ని నమోదు చేశాయి. మధ్యస్థ విలువ 5.4 నిమిషాలు. అంటే సగం మంది అంతకంటే తక్కువ సమయంలోనే ముగించారు. అరగంట, గంట అన్నవి ప్రకటనల్లో చెప్పే లెక్కలు.

మరి జబ్బుగా ఎప్పుడు లెక్కిస్తారు? అంతర్జాతీయ లైంగిక వైద్య సంఘం 2014లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం మూడు విషయాలు కలిసి ఉండాలి. మొదటి నుంచీ ఉన్న సమస్య అయితే దాదాపు ఒక నిమిషంలోపే స్ఖలనం కావడం. మధ్యలో వచ్చినదైతే అంతకుముందు కంటే బాగా తగ్గి మూడు నిమిషాలు లేదా అంతకంటే తక్కువకు పడిపోవడం. రెండోది, ఆపుకోలేకపోవడం. మూడోది, దానివల్ల బాధ, చిరాకు, దాంపత్యానికి దూరంగా ఉండటం.

కొత్తగా పెళ్లయినప్పుడో, చాలాకాలం దూరంగా ఉండి కలిసినప్పుడో ఒకటి రెండుసార్లు తొందరగా అయిపోతే అది జబ్బు కాదు. సాధారణంగా ఆరు నెలలుగా, దాదాపు ప్రతిసారీ ఇలాగే ఉంటే దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. అలాగని అప్పటిదాకా ఆగాల్సిన పని లేదు. మీకు ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌ను అడగడానికి అదొక్కటే చాలు.

‘ధాతువు పోతోంది’ అన్న భయం

నిద్రలో వీర్యం పోతోందనో, మూత్రంలో ధాతువు పోతోందనో, హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడ్డాయనో భయపడి డాక్టర్ల దగ్గరకు వచ్చేవాళ్లు మన దేశంలో ఎక్కువ. ఒక చుక్క వీర్యం ఇన్ని చుక్కల రక్తంతో సమానమన్న పాత నమ్మకం దీనికి మూలం. భారతీయ మానసిక వైద్యుడు ఎన్.ఎన్.విగ్ 1960లో దీనికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

నిద్రలో స్ఖలనం శరీర సహజ చర్య. హస్తప్రయోగం వల్ల నరాలు దెబ్బతినవు. అయితే ‘ఏమీ లేదు పో’ అని పంపేస్తే ఈ భయం పోదు. దాని వెనుక తరచూ ఆందోళన, కుంగుబాటు ఉంటాయి. వాటికి కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఉన్నాయి. గోడ మీది ‘నరాల బలహీనత’ అన్న మాట సరిగ్గా ఈ భయం మీదే వ్యాపారం చేస్తుంది.

డాక్టర్‌కు చూపించుకోవడం ఎందుకు ముఖ్యం?

సిగ్గు పక్కన పెట్టి వెళ్లడానికి పెద్ద కారణం ఒకటుంది. స్ఖలనంలో మార్పు కొన్నిసార్లు ఇంకో జబ్బు జాడ కావచ్చు.

మధుమేహం: ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే నరాలు దెబ్బతింటాయి. పాదాల తిమ్మిరి గురించి అందరికీ తెలుసు. మూత్రాశయం మూతిని బిగించే నరాలు దెబ్బతిన్నా అంతే ముప్పు. వీర్యం వెనక్కి వెళ్లిపోతుంది. స్ఖలనం ఆలస్యం కావడానికీ, అంగస్తంభన తగ్గడానికీ మధుమేహం కారణం కావచ్చు.

వాడుతున్న మందులు: ప్రొస్టేట్ వాపుతో మూత్రం సరిగా రానివారికి ఇచ్చే టామ్సులోసిన్, సైలోడోసిన్ వంటి మందులతో వీర్యం బయటకు రాకపోవచ్చు. కుంగుబాటుకు వాడే సెర్ట్రాలిన్, పరోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి స్ఖలనాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ సంగతి తెలియక చాలామంది మందులే మానేస్తారు. అది ప్రమాదకరం. డోసు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టర్ చేయగలరు. మీరు సొంతంగా ఆపొద్దు.

థైరాయిడ్: ఈ గ్రంథి ఎక్కువగా పనిచేస్తే శీఘ్రస్ఖలనం, తక్కువగా పనిచేస్తే ఆలస్య స్ఖలనం రావచ్చు.

ఆపరేషన్లు, గాయాలు: ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత తిరోగమన స్ఖలనం చాలా సాధారణం. వెన్నుపూస గాయాల తర్వాత అసలు స్ఖలనం కాకపోవచ్చు. ఆపరేషన్‌కు ముందే ఈ విషయం డాక్టర్‌ను అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది.

మద్యం, నిద్రలేమి, ఉద్యోగ ఒత్తిడి, భాగస్వామితో మనస్పర్ధలు కూడా కారణాలే. అంగస్తంభన ఎక్కువసేపు నిలవదన్న భయంతో తొందరపడటం వల్ల శీఘ్రస్ఖలనం వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు ముందు అంగస్తంభన సమస్యకు చికిత్స చేస్తారు.

ఎక్కడికి వెళ్లాలి?

నేరుగా పెద్దాస్పత్రికి వెళ్లాల్సిన అవసరం లేదు. వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానా, మిగతా పట్టణాల్లో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పల్లెల్లో పీహెచ్‌సీ. ఇక్కడ ఎంబీబీఎస్ డాక్టర్ ఉంటారు. షుగర్, బీపీ చూడటం, వాడుతున్న మందుల చీటీలు పరిశీలించడం, థైరాయిడ్ వంటి రక్త పరీక్షలు రాయడం వీరు చేయగలరు. తెలంగాణలో బస్తీ దవాఖానాల్లో సేకరించిన రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌లకు వెళ్తాయి. పరీక్షలు ఉచితం.

రెండో మెట్టు: ఏరియా ఆస్పత్రి లేదా జిల్లా ఆస్పత్రి. ఇక్కడ సమస్యను బట్టి ఓపీ మారుతుంది.

• షుగర్, థైరాయిడ్, బీపీ ఉంటే: జనరల్ మెడిసిన్.

• మొదటి నుంచీ శీఘ్రస్ఖలనం ఉన్నా, ఆందోళన, కుంగుబాటు, ధాతువు భయం ఉన్నా: సైకియాట్రీ. ‘నాకేమైనా పిచ్చా’ అనుకోనవసరం లేదు. లైంగిక సమస్యల చికిత్స మానసిక వైద్యుల శిక్షణలో భాగం. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ దీని మీద ప్రత్యేకంగా చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చింది.

• మంట, చీము, పుండు, నొప్పి ఉంటే: చర్మవ్యాధుల విభాగం. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద నడిచే ‘సురక్ష క్లినిక్‌’లలో లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్లకు పరీక్ష, మందులు ఉచితం.

మూడో మెట్టు: బోధనాస్పత్రుల్లోని యూరాలజీ విభాగం. వీర్యం బయటకు రాకపోవడం, రక్తం కనిపించడం, ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత వచ్చిన ఇబ్బంది, వెన్నుపూస గాయం, సంతానం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు వచ్చే సమస్యలు వీరు చూస్తారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు సర్వజన ఆస్పత్రులు, తిరుపతిలో స్విమ్స్‌లో ఈ విభాగం ఉంది. ఓపీ రోజులు ఆస్పత్రిని బట్టి మారుతుంటాయి. బయల్దేరే ముందు కనుక్కోండి.

ముఖాముఖి చెప్పడం కష్టంగా ఉందా? ‘టెలీ మానస్’ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన ఈ సేవ 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. భయం, కుంగుబాటు, దాంపత్య ఒత్తిడి ఉన్నప్పుడు ఇది మంచి మొదటి అడుగు. ‘ఈ-సంజీవని’ ద్వారా వీడియోలో ప్రభుత్వ డాక్టర్‌తో మాట్లాడే వీలుంది. ఇన్ఫెక్షన్, హెచ్‌ఐవీ అనుమానాలకు 1097 నంబర్ ఉంది.

కౌంటర్‌లో ఏం చెప్పాలి? డాక్టర్‌కు ఏం చెప్పాలి?

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. వెనుక క్యూలో ఇరవై మంది ఉండగా కౌంటర్‌లో ‘ఏం సమస్య’ అని అడుగుతారు. అక్కడ జబ్బు పేరు చెప్పనవసరం లేదు. ‘జనరల్ మెడిసిన్‌కు రాయండి’ అనో, ‘యూరిన్ ప్రాబ్లమ్, యూరాలజీకి రాయండి’ అనో అంటే చాలు. ఓపీ చీటీకి కావాల్సింది విభాగం పేరు మాత్రమే. చాలా పెద్దాస్పత్రుల్లో ఆభా యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే ఏర్పాటు ఉంది. అప్పుడు కౌంటర్‌లో మాట్లాడే పనీ తగ్గుతుంది.

డాక్టర్ గదిలో పక్కనే ఇంకో రోగి, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఉండొచ్చు. ‘డాక్టర్ గారూ, ఒక పర్సనల్ విషయం, ఒంటరిగా చెప్పాలి’ అని మొదటే అనండి. ఇది తప్పు కాదు, మీ హక్కు. మహిళా డాక్టర్ ఉంటే చెప్పగలనా అన్న సంకోచం వస్తే, మగ డాక్టర్‌ దగ్గరకు పంపమని అడగొచ్చు. అయితే లైంగిక సమస్యలు వినడం డాక్టర్లందరికీ వృత్తిలో భాగమేనని గుర్తుంచుకోండి.

ఓపీలో దొరికేది ఐదు నిమిషాలే. అందుకే నాలుగు విషయాలు ముందే కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకోండి.

1. ఏం జరుగుతోంది: తొందరగా పడిపోతోందా, అసలు రావడం లేదా, నొప్పా, రక్తమా?

2. ఎప్పటి నుంచి: మొదటి నుంచీనా, ఈ మధ్యేనా? ప్రతిసారీనా, అప్పుడప్పుడూనా? హస్తప్రయోగంలో కూడా ఇలాగే ఉందా?

3. ఏ జబ్బులున్నాయి, ఏ ఆపరేషన్లు అయ్యాయి.

4. వాడుతున్న మందులన్నీ. ఆయుర్వేదం, పౌడర్లు, ఆన్‌లైన్‌లో కొన్నవి సహా. పాత చీటీలు, మందుల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి.

‘నరాల వీక్‌నెస్ సార్’ అని ఊరుకుంటే బి-కాంప్లెక్స్ మాత్రలతో తిరిగొచ్చే అవకాశం ఉంది. ‘కలిసినప్పుడు నిమిషంలోపే వీర్యం పడిపోతోంది, రెండేళ్లుగా ఇలాగే ఉంది’ అని ఒక్క వాక్యం చెబితే వైద్యం దారిలో పడుతుంది.

ఏ పరీక్షలు చేస్తారు?

జీవితమంతా ఉన్న శీఘ్రస్ఖలనానికి చాలాసార్లు ఏ పరీక్షా అక్కర్లేదు. డాక్టర్ అడిగే ప్రశ్నలే పరీక్ష. మిగతా సందర్భాల్లో జననాంగాల పరీక్ష, షుగర్, థైరాయిడ్, మూత్ర పరీక్ష, అవసరమైతే హార్మోన్ పరీక్షలు రాస్తారు. వీర్యం రాకపోతే భావప్రాప్తి తర్వాత మూత్రం సేకరించి అందులో వీర్యకణాలు ఉన్నాయేమో చూస్తారు. ఉంటే అది తిరోగమన స్ఖలనం. మొదటి రోజే వేల రూపాయల ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ చేయించుకోవాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ‘ఇది దేనికోసం’ అని అడగండి.

చికిత్స ఏమిటి?

శీఘ్రస్ఖలనానికి మూడు మార్గాలున్నాయి. ఒకటి సాధన. స్ఖలనం కాబోతుందనిపించినప్పుడు ఆగి, మళ్లీ మొదలుపెట్టే పద్ధతిని అమెరికన్ వైద్యుడు జేమ్స్ సీమన్స్ 1956లోనే వివరించారు. కటి కండరాల వ్యాయామాలు కూడా కొందరికి పనిచేస్తాయి. భాగస్వామి సహకారం ఉంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

రెండోది, స్పర్శను కాస్త తగ్గించే లిడోకెయిన్ తరహా క్రీములు, స్ప్రేలు. మూడోది మాత్రలు. డాపోక్సెటిన్ అవసరమైనప్పుడు వేసుకునేది. సెర్ట్రాలిన్, పరోక్సెటిన్ వంటివి రోజూ తక్కువ మోతాదులో ఇస్తారు. కుంగుబాటు మందు స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుందన్న దుష్ప్రభావమే ఇక్కడ ఔషధంగా పనికొస్తుంది.

ఇవి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు. ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవారు, స్పృహ తప్పే లక్షణం ఉన్నవారు, ఇప్పటికే కుంగుబాటు మందులు వాడుతున్నవారు డాపోక్సెటిన్ వేసుకోకూడదు. మద్యంతో కలిపితే స్పృహ తప్పే ముప్పు పెరుగుతుంది. అంగస్తంభన కోసం వాడే సిల్డెనఫిల్‌ను గుండెనొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలతో కలిపితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ‘వంద శాతం హెర్బల్’ అని అమ్మే కొన్ని ఉత్పత్తుల్లో రహస్యంగా సిల్డెనఫిల్ కలిపినట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే హెచ్చరికలు జారీ చేసింది. గుండె మందులు వాడే 50 ఏళ్ల వ్యక్తి అలాంటి పౌడర్ తింటే ఏమవుతుందో ఊహించొచ్చు.

ఆలస్య స్ఖలనానికి కారణమైన మందు మార్చడం, షుగర్ అదుపు, కౌన్సెలింగ్ ముఖ్యం. తిరోగమన స్ఖలనం వల్ల ఆరోగ్యానికి హాని లేదు; పిల్లలు వద్దనుకుంటే చికిత్సే అక్కర్లేకపోవచ్చు.

పిల్లలు కలగకపోతే...

ఇక్కడ నష్టపోయేది మగవాళ్లు మాత్రమే కాదు. పెళ్లయి రెండు మూడేళ్లయినా పిల్లలు లేకపోతే మన ఇళ్లలో ముందుగా ఆస్పత్రికి వెళ్లేది భార్య. స్కానింగులు, హార్మోన్ ఇంజెక్షన్లు, గుళ్లు గోపురాలు, అత్తింటి మాటలు అన్నీ ఆమెకే. భర్తకు స్ఖలనమే కావడం లేదన్న సంగతి ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. ఆయన చెప్పరు, ఆమె చెప్పలేరు.

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టాలి. మగవాళ్లకు వీర్య పరీక్ష సులువైనది, చవకైనది. తిరోగమన స్ఖలనంలో మూత్రం నుంచి వీర్యకణాలను వేరుచేసి గర్భధారణకు వాడొచ్చు. వెన్నుపూస గాయమైనవారికి కంపన పరికరంతోనో, మత్తు ఇచ్చి విద్యుత్ ప్రేరణతోనో వీర్యం సేకరిస్తారు. అవీ కుదరకపోతే వృషణాల నుంచి నేరుగా వీర్యకణాలు తీసే పద్ధతులున్నాయి. ఐవీఎఫ్ కేంద్రానికి వెళ్లాల్సి వస్తే, 2021 నాటి చట్టం ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

ఖర్చు ఎంత?

బస్తీ దవాఖానా, పీహెచ్‌సీ, జిల్లా ఆస్పత్రి, ప్రభుత్వ బోధనాస్పత్రుల ఓపీలో డాక్టర్ సలహా ఉచితం. నిమ్స్, స్విమ్స్ వంటి స్వయంప్రతిపత్తి సంస్థల్లో రిజిస్ట్రేషన్ రుసుము ఉంటుంది. ఆస్పత్రి ఫార్మసీలో లేని మందులను జన ఔషధి కేంద్రంలో అడగండి, జనరిక్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి.

ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినవి. ఓపీకి వచ్చి మాత్రలు రాయించుకునే ఈ సమస్యకు వాటితో పెద్దగా పని పడదు. ప్రైవేట్ ఆరోగ్య బీమాలో సంతానలేమి చికిత్సను సాధారణంగా మినహాయిస్తారు. పాలసీ పత్రంలో ‘ఎక్స్‌క్లూజన్స్’ పేజీ చదవండి.

విషయం బయటకు పోదు కదా?

రోగి చెప్పిన రహస్యాలను డాక్టర్ బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య వృత్తి నైతిక నియమావళి స్పష్టంగా చెబుతోంది. చట్టం, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సైకియాట్రీలో చూపించుకుంటే 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలోని 23వ సెక్షన్ అదనపు రక్షణ ఇస్తుంది. మీ అనుమతి లేకుండా డాక్టర్ మీ సమస్యను తల్లిదండ్రులకో, ఆఫీసుకో చెప్పకూడదు.

మీ రికార్డులు కావాలని అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని కూడా 2002 నియమాలు చెబుతున్నాయి. ఆస్పత్రిలో పరిష్కారం దొరక్కపోతే సూపరింటెండెంట్‌కు, ఆ తర్వాత రాష్ట్ర వైద్య మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు.

పోస్టర్ల మీద చట్టం లేదా?

ఉంది. 70 ఏళ్లుగా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులను ప్రచారం చేయడాన్ని నిషేధించింది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, మళ్లీ చేస్తే ఏడాది వరకు. డ్రగ్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ‘జే’ మరో అడుగు ముందుకేసి, శీఘ్రస్ఖలనాన్ని నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదన్న జాబితాలో పేరు పెట్టి మరీ చేర్చింది.

మరి గోడలు ఎందుకు నిండిపోతున్నాయి? శిక్ష చిన్నది. పోస్టర్ మీద ఉండేది ఫోన్ నంబర్ మాత్రమే, చిరునామా ఉండదు. ఇప్పుడు వ్యాపారం రీల్స్‌లోకి, వాట్సాప్‌లోకి మారింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. ఎలక్ట్రానిక్ ప్రకటనలను కూడా చేర్చి, మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా ప్రతిపాదించింది. అది చట్టరూపం దాల్చలేదు. అన్నింటికీ మించి, మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేయరు. చేయాలంటే తన సమస్య ఏమిటో పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. మోసగాళ్ల ధైర్యం అదే.

డాక్టర్ అసలైనవారా కాదా అన్నది నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో పేరు లేదా రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడొచ్చు. ‘సెక్సాలజిస్ట్’ అన్న బోర్డు ఒక్కటీ చాలదు. దాని కింద ఎండీ సైకియాట్రీ, ఎంసీహెచ్ యూరాలజీ లాంటి అసలు డిగ్రీ ఉందా అని చూడండి. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించొచ్చని ఎన్‌ఎంసీ చట్టం చెబుతోంది.

వ్యవస్థలో ఖాళీ ఎక్కడుంది?

10 నుంచి 19 ఏళ్ల వారికి 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అందులో యుక్తవయసు సందేహాలు తీర్చే క్లినిక్‌లు ఉన్నాయి. 20 దాటిన మహిళకు గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ పేరుతో ఆరోగ్య వ్యవస్థతో సంబంధం కొనసాగుతుంది. ఇంటి దగ్గరకు వచ్చే ఆశా, ఏఎన్‌ఎం మహిళలే, వాళ్లు మాట్లాడేదీ మహిళలతోనే. 20 ఏళ్ల మగవాడికి మాత్రం ఆ తర్వాత పిలుపు రాదు. 30 దాటాక షుగర్, బీపీ, క్యాన్సర్ స్క్రీనింగ్‌కు పిలుస్తారు. సరిగ్గా 20 నుంచి 30 మధ్య, అంటే పెళ్లి, సంతానం వయసులో, లైంగిక సమస్య వస్తే వెళ్లడానికి పేరున్న గది లేదు.

కొత్త ఆస్పత్రి కట్టనక్కర్లేదు. డాక్టర్లు, ల్యాబ్‌లు, మందులు ఇప్పటికే ఉన్నాయి. ఓపీ బోర్డు మీద ‘పురుషుల లైంగిక సమస్యలు: ఫలానా గది, ఫలానా రోజు’ అని ఒక వరుస చేర్చడం, షుగర్ క్లినిక్‌కు వచ్చిన ప్రతి మగవారినీ ఆ ఒక్క ప్రశ్న అడగడం, ప్రొస్టేట్ మందు రాసేటప్పుడు దాని ప్రభావం ముందే చెప్పడం... ఈ మూడింటికీ బడ్జెట్ పెద్దగా అవసరం లేదు. గోడ మీది పోస్టర్‌ను చింపడం కంటే, అది చెప్పే మాటను ఆస్పత్రి బోర్డు మీద రాయడం వల్లే దాని గిరాకీ తగ్గుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయొద్దు?

• ఏదైనా మందు వేసుకున్నాక అంగస్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే: ఎమర్జెన్సీకి వెళ్లండి.

• వృషణంలో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వస్తే: గంటల్లోనే వెళ్లాలి.

• తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం, కాళ్లలో బలహీనత కలిసి వస్తే: వెన్నుపూస సమస్య కావచ్చు. ఎమర్జెన్సీ.

• వీర్యంలో రక్తం ఒకసారి కనిపిస్తే చాలావరకు ప్రమాదం ఉండదు. మళ్లీ మళ్లీ కనిపించినా, 40 ఏళ్లు దాటినా, మూత్రంలో కూడా రక్తం ఉన్నా యూరాలజిస్ట్‌ను కలవండి.

• ఈ సమస్య వల్ల బతకాలనిపించకపోతే: వెంటనే 14416కు ఫోన్ చేయండి.

సేవ్ చేసుకోవాల్సిన నంబర్లు

• టెలీ మానస్, మానసిక ఆరోగ్య సలహా: 14416

• హెచ్‌ఐవీ, లైంగిక ఇన్ఫెక్షన్ల సమాచారం: 1097

• తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం, తప్పుడు ప్రకటనలు, అనుమానాస్పద మందుల మీద ఫిర్యాదు: 1800-599-6969

• జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915

• ఆన్‌లైన్‌లో మందు పేరుతో డబ్బు పోయినా, మీ వివరాలు బయటపెడతామని ఎవరైనా బెదిరించినా: 1930. ఎంత తొందరగా ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.